నిండు చేతుల జాకెట్టు

హస్తవాసి అంట, హస్తవాసి! నా బొంద హస్తవాసి.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడినాయి. ముత్తుకూరు చుట్టుపక్కల ఏ ఊరికన్నా పోయి రెబెక్కమ్మ సిస్టరు పేరెత్తండి. "ఆమె చేతిలో ఏదో ఉండాదమ్మా! సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అంటారు. ఏదో ఉండాదంట. ఆ ఏదో ఏందో నన్నడగండి, నేను చెప్తా. అడగరు. గచ్చు తుడిచే ఆయాని ఎవరడుగుతారు?

నా పేరు సామ్రాజ్యం. ఆ పేరు పెట్టేటప్పుడు మా నాయన ఏం కలగన్నాడో ఏమో, నేను ఏలింది మాత్రం ఒక చీపురుకట్ట, రెండు బకెట్లు. ముత్తుకూరు రోడ్డు మీద చర్చివాళ్ళు నడిపే చిన్న ఆసుపత్రిలో ఆయాని. ఇరవై పడకలు, ఒక డాక్టరమ్మ, నలుగురు నర్సులు. ఆ నలుగురిలో పెద్దామె రెబెక్కమ్మ. మొన్న మే నెలలో రిటైరైంది. ఆ రోజు నేను చేసిన పనికి సగం ఊరు నన్ను ఇప్పటికీ తిడతా ఉండాది. తిట్టుకోనీ. తిట్టే నోళ్ళు ఎట్టాంటివో నాకు తెలుసు, అవే నోళ్ళు గదా ఇన్నాళ్ళూ హస్తవాసి పాట పాడింది.

రెబెక్కమ్మ సూది వేసేది మీరు చూడలేదు గదా, చెప్తా వినండి. రొయ్యల గుంట కాడ కావలి ఉండే మనిషి వాంతులూ విరేచనాలతో వస్తాడు. ఒంట్లో నీళ్ళు లేక నరాలన్నీ లోపలికి పోయుంటాయి. మిగతా నర్సులు చెయ్యి పట్టుకొని తట్టి, నొక్కి, దేవుణ్ణి తలుచుకుంటా ఉంటారు. రెబెక్కమ్మ వస్తుంది. తొందర లేదు, ఆయాసం లేదు. రబ్బరు ట్యూబు కట్టి, స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిచి, ఆ మనిషి మొహంలోకి చూసి నవ్వుతుంది. చేతిలోకి చూడదు.

"ఏం కూర ఇవాళ?" అంటుంది.

"బొమ్మిడాయల పులుసు సిస్టరమ్మా, మామిడికాయ వేసి..."

మామిడికాయ దగ్గరికి వచ్చేసరికి సూది లోపల ఉంటుంది. పైన ప్లాస్టరు కూడా పడుంటుంది. "అయిపోయింది నాయనా. పులుసు ముందు రోజుదయితే బాగుండు" అని ఆమె చెప్పేసి పక్క మంచం దగ్గరికి పోతుంది. ఆ మనిషి చేతి వైపు చూసుకొని, "ఎప్పుడు వేసినావు తల్లీ!" అని నోరు తెరుస్తాడు. ఆ నోట్లో నుంచి వచ్చే తరవాతి మాట హస్తవాసి. ఎదురుగా మనిషి పనిచేస్తుంటే కళ్ళు పెట్టి చూడరు గానీ, కనపడని వాసి మాత్రం వీళ్ళకి బాగా కనపడుతుంది.

అక్కడితో ఆగితే బాగుండు. పద్మనాభయ్యగారని ఒక రైతు ఉండాడు, పాతిక ఎకరాల కయ్యలు. ఆయనకి ఒకసారి జ్వరంలో రెబెక్కమ్మ సెలైన్ ఎక్కించింది. ఆ పైయేటి నుంచి నాట్లప్పుడు కారు పంపించి ఆమెని పొలానికి పిలిపించుకొని, మొదటి నారు కట్ట ఆమె చేత నాటిస్తాడు. నర్సుకీ నారుకీ ఏం సంబంధమయ్యా అంటే, చెయ్యి మంచిదంట! ఒక ఏడు తెగులొచ్చి సగం పైరు పోయింది. "సిస్టరమ్మ చెయ్యి పడబట్టి సగమన్నా మిగిలింది" అన్నాడు. ఇంక ఆ మనిషితో ఏం మాట్లాడతాం?

పాస్టరు హెబ్రోనుగారు ఇంకో రకం. రెబెక్కమ్మ ఎప్పుడూ మణికట్టు దాకా చేతులుండే తెల్ల జాకెట్టు వేసుకుంటుంది, మణికట్టు దగ్గర గుండీలు. రోహిణి కార్తెలో కూడా అదే. రోళ్ళు పగిలే ఎండలో చంకల కింద చెమట కారిపోతున్నా గుండీ తియ్యదు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆ జాకెట్టు మీద ఎన్నిసార్లు ప్రసంగం చేసినాడో! "యవ్వన స్త్రీలారా, మన సిస్టరుగారిని చూసి నేర్చుకోండి. భక్తిగల స్త్రీ వస్త్రధారణ ఇట్టా ఉంటుంది" అనేవాడు. రెబెక్కమ్మ తల వంచుకొని కూర్చునేది. వెనక వరసలో నేను ముసుగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

ఎందుకంటే ఆ జాకెట్టు కింద ఏముందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆమె మా ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆమెకి ఇరవై రెండు, నాకు ఇరవై. బోగోలు అవతల పల్లె చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి కూతురు. సన్నగా, నల్లగా, భయం భయంగా ఉండేది. ఇంజెక్షను తుంటికి వెయ్యమంటే వేసేది గానీ నరానికి వెయ్యమంటే మాత్రం చేతులు వణికేవి. ఒక్కటంటే ఒక్క నరం దొరికేది కాదు. అప్పట్లో ఇప్పటిలాగా పేకెట్లో వచ్చే సూదులు కావు, ఉడకబెట్టిన సూదినే మళ్ళీ మళ్ళీ వాడేది. మొనలు మొద్దుబారి ఉండేవి. ఒక రోజు కయ్యలో ఎండదెబ్బ తగిలి పడిపోయిన మనిషిని తీసుకొస్తే అయిదుసార్లు గుచ్చింది. అయిదోసారికి అతను కాలితో ట్రేని తన్నినాడు. సీసాలన్నీ పగిలి గచ్చంతా గాజు పెంకులు, ఎత్తింది నేనే. పెద్ద సిస్టరు అందరి ముందూ, "క్రిస్మసు లోపల చెయ్యి కుదరకపోతే పెట్టె సర్దుకో. రోగుల మీద ప్రయోగాలు చెయ్యడానికి ఇది సర్కసు కాదు" అనింది.

మర్నాడు మధ్యాహ్నం ఉతికిన దుప్పట్లు పెట్టడానికి బట్టల గదికి పోయినాను. తలుపు వెనక గచ్చు మీద కూర్చొని ఉంది ఈ మహాతల్లి. ఒళ్ళో పీట, పీట మీద చపాతీ పిండి ముద్ద, దాని కింద సైకిలు వాల్‌ట్యూబు. ట్యూబులో ఎర్ర సిరా నీళ్ళు నింపి రెండు కొసలూ దారంతో కట్టింది. పిండి మీద వేలితో తడుముతా, కళ్ళు మూసుకొని, ట్యూబు ఎక్కడుందో కనుక్కొని సూది గుచ్చతా ఉండాది. ఎర్ర నీళ్ళు సిరంజిలోకి వస్తే సరిగ్గా పడినట్టు. రాకపోతే పిండి పిసికి మళ్ళీ మొదలు. సైకిలు షాపు హజరత్తయ్య నన్ను అడుగుతా ఉండేవాడు, "ఆ కొత్త సిస్టరమ్మకి సైకిలే లేదు గదా, రోజూ వాల్‌ట్యూబులు ఎందుకు కొంటాది?" అని. అప్పుడర్థమైంది.

పిండి మీద కుదిరింది. మనిషి మీద కుదరలేదు. పిండి అరవదు గదా. అందుకని ఆ పిచ్చిది తన ఎడం చెయ్యి మీద మొదలుపెట్టింది. పళ్ళతో రబ్బరు ట్యూబు బిగించుకొని, కుడిచేత్తో గుచ్చుకోవడం. పది పదిహేను రోజులకి మోచేతి కింద నల్లగా, పచ్చగా కమిలిపోయింది. తరవాత ఒకచోట చీము పట్టి గడ్డ లేచింది. డాక్టరుకి తెలిస్తే ఉద్యోగం పోతుందని ఇంటికి పోయి ఎక్కడో కోయించుకొని వచ్చింది. అదిగో, ఆ వారమే నిండు చేతుల జాకెట్టు కుట్టించుకునింది. ఇదీ పాస్టరుగారి భక్తిగల వస్త్రధారణ.

"చచ్చిపోతావే తిక్కదానా, నీ చెయ్యి చాలు గానీ నా చెయ్యి తీసుకో" అన్నాను నేను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. వయసు పొగరు. అక్కచెల్లెళ్ళు లేని దానికి అక్క దొరికినట్టయింది. ఏదైతేనేం, డాక్టరు భోజనానికి పోయిన ప్రతి మధ్యాహ్నం ఆరు నెలలు బట్టల గదిలో నా రెండు చేతులూ ఆమెకి అప్పగించినాను. నొప్పి పుట్టదా అంటే, పుట్టకేం? ఒక్కోసారి నా నోట్లో నుంచి వచ్చిన బూతులకి ఆ ఉపదేశి కూతురు చెవులు మూసుకునేది. చెవులు మూసుకొని మళ్ళీ గుచ్చేది.

క్రిస్మసుకి చెయ్యి కుదిరింది. పెట్టె సర్దుకోవలసిన పని లేకపోయింది. అయితే ఇంకో చిక్కు. సూది సరిగ్గానే పడుతుంది గానీ ఆమె మొహం చూస్తే రోగికి గుండె జారిపోతుంది. కనుబొమలు ముడి, పళ్ళు బిగింపు, నుదుటి మీద చెమట.

"అక్కా, నీ సూది కన్నా నీ మొహమే ఎక్కువ గుచ్చుతుంది. మా అమ్మ నా కాల్లో ముల్లు తీసేటప్పుడు ఏదో ఒకటి అడగతా ఉంటాది. నువ్వు కూడా ఏదన్నా అడగరాదా?" అన్నాను.

"ఏం అడగను?"

"ఏం కూర అని అడుగు. కూర గురించి చెప్పనివాడు మన నెల్లూరు జిల్లాలో ఉండాడా?"

ఆ మాట నాది. విన్నారా? ఊరంతా మురిసిపోయే ఆ 'ఏం కూర ఇవాళ?' నేను బట్టల గదిలో చెప్పింది. గోడకి చేతి అద్దం తగిలించి, అద్దంలో తన మొహం చూసుకుంటా నా చెయ్యి గుచ్చేది. కనుబొమ ముడిపడితే నేను "మొహం!" అని అరిచేదాన్ని. నవ్వు మరీ జాస్తి అయితే "దయ్యం నవ్వులాగా ఉండాది" అనేదాన్ని. సూది నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. నేర్చుకున్నట్టు కనపడకుండా ఉండటానికి రెండేళ్ళు పట్టింది. ఎంత నేర్పైన పనో చూడండి! కష్టపడటం ఒక ఎత్తు, ఆ కష్టాన్ని తుడిచేసి అవతలివాడికి తెల్లగచ్చు చూపించడం ఇంకో ఎత్తు. నేను గచ్చు తుడిచేదాన్ని, నాకు తెలుసు.

"ఎవరికీ చెప్పబాక సామ్రాజ్యం" అనింది. చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు నోరు కుట్టుకొని కూర్చున్నా. మంచితనం అనుకుంటారేమో, కాదు. నిజం చెప్తా, నాకది కుశాలగా ఉండేది. అందరూ హస్తవాసి, హస్తవాసి అని వెర్రి మొహాలు వేసుకొని పోతుంటే, చీపురు పట్టుకొని మూల నిలబడి, 'చీ, తెలివిలేని జనం' అని లోపల్లోపల నవ్వుకోవడం. నాకున్న ఒక్క ఆస్తి అది. దాన్ని దాచుకున్నా. ఆ ఆస్తి ఎవరి గొంతు కోస్తుందో ఆలోచించలేదు.

వెన్నెల వచ్చేదాకా.

వెన్నెల ఈ ఏడు జనవరిలో చేరింది. మెట్ట పక్క ఊరు, వాళ్ళ నాయన మాల్యాద్రి కౌలుకి వరి పండిస్తాడు. నెల్లూరులో నర్సింగ్ చదివింది, ఇరవై రెండేళ్ళు. చదువులో చురుకు, మందుల పేర్లు నీళ్ళు తాగినట్టు చెప్తుంది. సూది దగ్గరికి వచ్చేసరికి అదే కథ. వణుకు. వారానికి ఒకటో రెండో దొరుకుతాయి, మిగతావి తప్పుతాయి. మార్చి నెలలో పద్మనాభయ్యగారి తల్లి ఆదిశేషమ్మ నీరసంగా ఉందని వచ్చి పడుకునింది. ఎనభై ఏళ్ళ మనిషి, ఉల్లిపొర లాంటి చర్మం. వెన్నెల మూడుసార్లు గుచ్చింది, మూడూ తప్పినాయి. ముసలమ్మ ఆసుపత్రి పైకప్పు లేచిపోయేట్టు అరిచింది.

"ఈ పిల్ల చెయ్యి మంచిది కాదు! దీని చేతిలో వాసి లేదు. రెబెక్కమ్మని పిలవండి!"

రెబెక్కమ్మ వచ్చింది, ఏం కూర అనింది, ముసలమ్మ "చిక్కుడుకాయ" అనేలోపల పని అయిపోయింది. అంతే, ఆ రోజు నుంచి వెన్నెలని చూస్తే రోగులు చేతులు దుప్పట్లో దాచుకోవడం మొదలుపెట్టినారు. చిన్న పిలకాయలు కూడా "ఆ అక్క వద్దు" అనేవాళ్ళు. ముట్టుకోనిస్తే గదా నేర్చుకునేది! డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు, అయినా చెప్పేసింది. "రెబెక్కమ్మ పోయినాక నాకు నరం దొరకబట్టే మనిషి కావాల. మే నెలాఖరు దాకా చూస్తా వెన్నెలా. కాకపోతే వేరేవాళ్ళని తీసుకోక తప్పదు."

ఒక రోజు పిల్ల ధైర్యం తెచ్చుకొని రెబెక్కమ్మ దగ్గరికి పోయింది. నేను అక్కడే బకెట్టులో గుడ్డ పిండతా ఉండాను.

"సిస్టర్, మీకు మొదట్లో ఎట్టా వచ్చింది? నాకు కొంచెం నేర్పించండి."

రెబెక్కమ్మ ఆ నవ్వే నవ్వింది. అద్దం ముందు నేను దిద్దిన నవ్వు. "నాదేముంది తల్లీ? అంతా దేవుని కృప. నేను చూడను కూడా చూడను, చెయ్యే పోతుంది. నువ్వు ప్రార్థన చేసుకో" అనింది.

నా ఒళ్ళు మండిపోయింది. చెయ్యే పోతుందంట! నా చేతుల మీద ఎన్నిసార్లు పోయిందో, ఎక్కడెక్కడ పోయిందో నాకు తెలీదా? పిల్ల వెనక్కి తిరిగి, చేతి పంపు దగ్గర మొహం కడుక్కుంటా ఏడ్చింది.

"ఆయమ్మా, నాకు చెయ్యి లేదంట. చదువుతో వచ్చేది కాదంట ఇది. సిస్టరుగారికి పుట్టుకతో వచ్చింది, నాకు రాలేదు. వచ్చే నెల నెల్లూరులో చీరల షాపులో చేరతా. మా నాయనకి కూడా చెప్పేసినా."

నాలుగేళ్ళ చదువు. చీరలు మడతలు పెట్టడానికి.

ఆ మధ్యాహ్నమే రెబెక్కమ్మని బట్టల గదిలోకి లాక్కొని పోయినా. తలుపు వేసినా.

"పిల్లకి చెప్పు అక్కా."

"ఏం చెప్పాల?"

"వాల్‌ట్యూబు సంగతి. చెయ్యి సంగతి. నీకు ఏడాది దాకా ఒక్క నరం దొరకలేదని చెప్పు."

ఆమె మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెట్టింది. తరవాత అనింది, "మే సామ్రాజ్యం, వాళ్ళు నా దగ్గరికి భయం లేకుండా చేతులు చాపతారు. ఎందుకు? నేను నేర్చుకోలేదు అనుకుంటారు గనక. నేర్చుకున్నానంటే, ఎవరి మీద నేర్చుకున్నావు అంటారు. పోయే ముందు ఈ పేరు ఎందుకు చెడగొట్టుకోవాల? పది రోజుల్లో పోతుండా."

"పేరు నీకు. చీరల షాపు ఆ పిల్లకి."

"దేవుడు దారి చూపిస్తాడు."

"చూపించే దారిని నువ్వు జాకెట్టు చేతుల్లో దాచిపెట్టుకొని, దేవుడు చూపిస్తాడంటే ఎట్టా?" అన్నాను. ఆమె తలుపు తీసుకొని పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నాకు ఆమె మీద అసహ్యం వేసింది. నా మీద ఇంకా ఎక్కువ వేసింది. ఆమె దాచింది, అంతే. నేను దాచి నవ్వుకున్నా గూడా.

రిటైర్మెంటు రోజు ఆసుపత్రి ముందు షామియానా కట్టి స్టేజీ వేసినారు. చర్చి పిలకాయలు పాట పాడినారు. పక్కన బిర్యానీ గుండిగలు ఉడుకుతా ఉండాయి. కుర్చీలో రెబెక్కమ్మ, మెడలో బుట్టెడు బంతిపూలు, చేతులకి మణికట్టు దాకా తెల్ల జాకెట్టు. పాస్టరుగారు లేచి, దేవుడు కొందరికి స్వస్థపరిచే వరం ఇస్తాడనీ, వరం అనేది కష్టపడి సంపాదించేది కాదనీ అరగంట చెప్పినాడు. జాకెట్టు మీద కూడా రెండు మాటలు వేసినాడు. తరవాత పద్మనాభయ్యగారు మైకు అందుకున్నాడు.

"ఇట్టాంటి హస్తవాసి వెయ్యి మందిలో ఒకరికి ఉంటుంది. అది నేర్చుకుంటే రాదు. నేర్పిస్తే రాదు. ఈరోజుతో ఈ ఆసుపత్రికి ఆ అదృష్టం అయిపోయింది" అన్నాడు. జనం చప్పట్లు.

నేను నీళ్ళ గ్లాసుల ట్రే పట్టుకొని నిలబడి ఉండా. వెనక నుంచి ఎవరో భుజం తట్టినారు. వెన్నెల. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో ఉతికి మడతపెట్టిన యూనిఫారం. భుజాన బ్యాగు.

"ఆయమ్మా, ఇది డాక్టరమ్మకి ఇచ్చేయండి. ఈ గోలలో నేను చెప్పలేను. పన్నెండున్నర బస్సుకి పోతా."

"బిర్యానీ తిని పోవే" అన్నాను, నోటికేదొస్తే అది. అనేసరికి నా మీద నాకే రోత పుట్టింది.

కవరు తీసుకోలేదు. ట్రే పక్కనున్న కుర్చీ మీద పెట్టినా. నేరుగా రెబెక్కమ్మ కుర్చీ దగ్గరికి నడిచినా. ఆయా ఏందబ్బా పైకి వస్తా ఉండాది అని పాస్టరుగారు చూస్తుంటే, ఆమె ఎడం చెయ్యి పట్టుకొని జాకెట్టు చెయ్యి పైకి లాగినా. గుండీ తెగి ఎగిరి పద్మనాభయ్యగారి చెప్పు దగ్గర పడింది. మోచేతి దాకా తోసేసినా.

చెయ్యంతా సన్నసన్న నల్ల చుక్కలు, గసగసాలు అంటించినట్టు. మధ్యలో బొటనవేలంత గుంట, చీము తీసినచోటు కండ కుంగిపోయి, చర్మం ముడతపడి.

"ఇదిగో! చూడండి మీ హస్తవాసి! తొక్కలో హస్తవాసి! ఈమె చేతికి ఈమే పొడుచుకొని నేర్చుకునింది. ఏడాది పాటు ఒక్క నరం దొరికి చావలేదు ఈమెకి! మీరంతా వరం, వరం అని ఊగిపోతుండారే, ఆ పిల్ల మీ వరం మాట నమ్మి చీరల షాపుకి పోతా ఉండాది. సిగ్గులేదా మీకు? థూ!"

మైకు దగ్గరగా ఉండిందేమో, ఆ 'థూ' ముత్తుకూరు రోడ్డు దాకా వినపడిందంట.

నేను రెబెక్కమ్మ మొహంలోకి చూడలేకపోయినా. ఇంక జన్మలో నాతో మాట్లాడదు అనుకున్నా. ఆమె మెల్లిగా లేచింది. జాకెట్టు చెయ్యి కిందికి లాక్కోలేదు. నా కుడిచెయ్యి పట్టుకొని, నా రవిక చెయ్యి పైకి జరిపింది. నాకు గూడా మోచేతి మడతలో చుక్కలుండాయి, ఆమెకన్నా తక్కువ.

"నా చెయ్యి ఒక్కటే కాదు. దీని చేతులు కూడా" అనింది. తరవాత జనాన్ని వదిలేసి, షామియానా చివర బ్యాగుతో నిలబడిన పిల్ల వైపు చూసింది. "వెన్నెలా, నీకు అబద్ధం చెప్పినాను. చెయ్యి దానంతటది పోదు. పోయేదాకా గుచ్చాల."

ఇంత జరిగినాక కూడా జనం ఏమన్నారో తెలుసా? పద్మనాభయ్యగారు కళ్ళు తుడుచుకుంటా మైకులో అన్నాడు, "చూసినారా! ఇంత ఓర్పు, ఇంత తపస్సు మామూలు మనుషులకి వస్తుందా? దేవుడిచ్చిన చెయ్యి గనకనే!" పాస్టరుగారు హల్లెలూయ అన్నాడు. మళ్ళీ చప్పట్లు. వీళ్ళ కళ్ళ ముందు బకెట్టు బకెట్టు మోసి తొట్టి నింపినా, వాన కురిసి నిండిందంటారు. ఆ చప్పట్లలోనే నేను స్టేజీ దిగొచ్చేసినా. తరవాత నన్ను తిట్టిన వాళ్ళు కూడా ఈ చప్పట్లు కొట్టినవాళ్ళే. పెద్దామె పరువు తీసినానంట.

పన్నెండున్నర బస్సు హారను కొట్టి పోయింది. బట్టల గదిలో గచ్చు మీద ముగ్గురం కూర్చున్నాం. రెబెక్కమ్మ మెడలో బంతిపూల దండ అట్నే ఉండాది. వెన్నెల బ్యాగు తలుపు దగ్గర ఉండాది. నేను చెయ్యి చాపినా.

"వద్దు ఆయమ్మా, మీకు నొప్పి" అనింది పిల్ల.

"నొప్పి సంగతి నీకంటే నాకు బాగా తెలుసు. ఇప్పుడు ముసలి నరాలు, ఆడ ఉన్నట్టే ఉంటాయి, జారిపోతాయి. దొరికిందంటే ఇంక నీకు ఎవరి చెయ్యయినా ఒకటే."

పిల్ల రబ్బరు ట్యూబు కట్టింది. కళ్ళు మూసుకొని వేలితో తడిమింది. గుచ్చింది. తప్పింది. చెయ్యి చురుక్కుమని మండింది, నా నోట్లో నుంచి పాత బూతొకటి వచ్చింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు, కనుబొమలు ముడి.

"మొహం!" అనింది రెబెక్కమ్మ.

పిల్ల ముక్కు ఎగపీల్చుకుంది. కనుబొమలు విప్పింది. ఇంకో సూది తీసుకునింది. నా మొహంలోకి చూసి, ఏడుపు నవ్వు ఒకటి నవ్వి, "ఏం కూర ఆయమ్మా ఇవాళ?" అనింది.

"బిర్యానీ అంట. నీ దయవల్ల ఇంకా ముట్టలేదు" అన్నాను. "గుచ్చు."

తప్పింది.

"మళ్ళీ గుచ్చు."